అన్నదమ్ములకు మాటలు బందైతే మళ్ల ఎట్ల కలుపుకోవాలె

మా వరంగల్ దిక్కు మొగోళ్లను ఎట్లున్నవ్ అని అడిగితే "ఏమైంది నాకు, మంచిగనే ఉన్న" అంటరు, లేకుంటే మందు పడ్డంక అన్నీ ఒకేసారి ఒర్లుతరు, మధ్యల ఇంకోటి ఉండదు. భూమి పంపకాల కాడనో, బాపు దవాఖాన ఖర్చుల కాడనో లొల్లి అయితది, పెద్దమనుషులు కాయితం రాపిస్తరు, గెట్లు తేలుతయి గని మాటలు మాత్రం అట్లనే బందుంటయి. హన్మకొండల కిరాయి రూంల ఒక్కడే ఉండేటోడైనా, దుబాయ్ క్యాంపుల ఉండేటోడైనా కథ ఇదే.

మళ్ల కలుద్దామనుకుంటే పెద్దమనుషుల్ని అస్సలు పిలవకు. వాళ్లొస్తే తప్పెవరిదో తేలాలె అంటరు, అది మళ్లొక పంచాయితీ. వదినెతోని షురూ చెయ్యి. "వదినె, అన్న బీపీ గోలీలు ఏస్కుంటాండా" అని అడుగు, చాలు. పొద్దుమూకే వరకు ఆ మాట అన్న చెవుల పడ్తది, పడాలనే కద అడిగేది.

అటెన్క అన్నకు ఫోన్ కొట్టు, పొద్దుగాల. తాగి మాత్రం చెయ్యకు, తాగితే ధైర్యమొస్తది నిజమే గని తెల్లారి "తాగి వాగిండు తియ్" అంటరు, నువ్వు కడుపుల నుంచి అన్న మాట గూడ అండ్లనే కొట్కపోతది. నువ్వు యాదికొస్తానవ్ అన్న అనే మాట మనకు నోట్లకెళ్ల రాదు, రాకపోతే మానె, పని మాట అడుగు: "అన్నా, బావికాడ స్టార్టర్ ఊకె ట్రిప్ అయితాంది, ఏం జెయ్యాలె?" సలహా అడిగితే అన్న అనేటోడు ఊకోలేడు, కోపంతోనైనా చెప్తడు. భూమి ముచ్చట తియ్యకు, ఆయన తీసినా "అది తర్వాత చూస్కుందాం" అను. ఎత్తకపోతే వాట్సాప్‌ల చిన్న వాయిస్ పెట్టు, టైప్ చెయ్యకు, గొంతు ఇనపడాలె.

ఇంటికి పోవాలంటే దసరాను మించిన రోజు లేదు. జమ్మి పూజ అయినంక ఆకు చేతుల పెట్టి బంగారం అనుడు, పెద్దోళ్ల కాళ్లు మొక్కుడు, అలాయ్ బలాయ్ తీస్కునుడు ఎట్లనూ ఉన్నదే, ఎందుకొచ్చినవ్ అని ఎవ్వడు అడగడు, ఇద్దరి ఇజ్జత్ నిలవడ్తది. తమ్మునివైతే గడప కాడ ఆగకు, సీదా లోపలికి పోయి ఆకు పెట్టి కాళ్లు మొక్కు. అన్న మొకం పక్కకు తిప్పి "కూసో, చాయ్ తాగు" అన్నడంటే పనైనట్టే. అన్నవైతే కొంచెం కష్టమే, చిన్నోని ఇంటికి నేనెందుకు పోవాలె అనిపిస్తది, పిల్లగాండ్లకు బట్టలు తెచ్చిన అని చెప్పుకుంట పో.

కొట్టి, మోసం చేసి ఎల్లగొట్టినోళ్ల కాడికి మాత్రం పోవాలని రూలేం లేదు. అట్లనే నిద్ర పట్టక, బతుకుడెందుకు అనిపిస్తే దసరా దాక ఆగకు, 14416కు కొట్టు, అది సర్కారోళ్ల టెలి మానస్, మనసు బాగలేనోళ్లతోని మాట్లాడే ఫోన్ లైన్, 2022ల షురూ అయింది, పైసలు కట్టేదుండదు, రాత్రైనా ఎత్తుతరు, తెలుగులనే మాట్లాడొచ్చు. వరంగల్ ఎంజీఎం సర్కారు దవాఖానల మానసిక డాక్టర్లు గూడ ఉంటరు, ఓపీ చీటీ రాపించుకొని పోవుడే.

చాయ్ అయినంక ఎక్కువసేపు కూసోకు, పాతయి అప్పుడే బయటికొస్తయి. లేచేటప్పుడు ఏదో ఒక పని ఒప్పుకొని రా, "ఐతారం బావికాడికొస్త, ఆ స్టార్టర్ ఇద్దరం చూద్దాం" అని.