ఊలు అల్లిక, ఐదో పాఠం: టోపీ నెత్తి (అంతకంటే ముందు, పెరిగిపోయిన కుట్లు)

ఈసారి టోపీ నెత్తి మూసేద్దాం అనుకున్నాను. పోయిన పాఠం తరువాత మీరు పంపిన ఫోటోలు చూశాక, ముందు టోపీ కింది అంచున సాగే పట్టీ సంగతి తేలితే గానీ ముందుకు పోలేమని అర్థమైంది. సూది మీద 106 కుట్లు ఎక్కించి, రెండు నిట్ (ఎదుట 'వి'లా కనిపించే కుట్టు), రెండు పర్ల్ (అడ్డ గంటులా కనిపించే కుట్టు) చొప్పున 16 వరసలు అల్లమన్నాను. సగం మంది పట్టీలు తిరగేసిన పావడాల్లా ఉన్నాయి, కింద ఇరుకు, పైన వెడల్పు. బొబ్బిలి అమ్మాయి ఫోన్ చేసి, "పిన్నీ, నూటారు ఎక్కించినాను. ఇప్పుడు లెక్కెడితే నూట పద్దెనిమిది ఉన్నాయి. నానేటి చేసినాను?" అంది.

సూదులదే తప్పనుకుని ఒకరిద్దరు కొత్తవి కొనేశారు. అక్కర్లేదు. ఒకావిడ మరీనూ, 10 నంబరు అని నేనంటే 10 మిల్లీమీటర్ల సూదులు తెప్పించుకుంది. మన షాపుల్లో నంబర్లు పాత ఇంగ్లీషు లెక్క, నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 అంటే 4 మి.మీ., 10 అంటే 3.25, 11 అంటే 3. విజయనగరంలో ఫ్యాన్సీ షాపుకి వెళ్ళి నంబరు చెప్తే చాలు. ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్ళు మి.మీ. చూసుకోండి.

ఇక అసలు సంగతి. కుట్టు ఊరికే పుట్టదు. సూది మీద ఉచ్చు ఒకటి అదనంగా పడితేనే పుడుతుంది. అది ఎక్కడ పడిందో చూస్తే ఎందుకు పడిందో తెలిసిపోతుంది. కాబట్టి విప్పేసే ముందు పట్టీని వెలుతురుకి ఎత్తి చూడండి.

వరస మధ్యలో, పక్కన చిన్న కంత కనిపిస్తే, పోగు సూది మీంచి తిరిగిందన్నమాట. నిట్‌కి పోగు వెనక ఉండాలి, పర్ల్‌కి ముందు ఉండాలి. ఇది మీ అందరికీ తెలుసు. వెనక నుంచి ముందుకి ఏ దారిన రావాలో మాత్రం తెలియట్లేదు. రెండు సూదుల మొనల సందులోంచి రావాలి. కుడి సూదిని పైనుంచి దాటుకుని వస్తే, దాటిన చోట ఒక చుట్టు మిగిలిపోతుంది. ఆ వరసలో అది కుట్టులా అనిపించదు, వాలుగా పడుకుని ఉంటుంది. తిరిగొచ్చే వరసలో దాన్నీ కుట్టే అనుకుని అల్లేస్తారు. లెక్క ఒకటి పెరుగుతుంది, దాని కింద కంత నిలిచిపోతుంది. 106 కుట్ల పట్టీలో ఒక్కో వరసకి పోగు 52 సార్లు ముందుకీ వెనక్కీ మారాలి. 16 వరసలకి 832 సార్లు. అందులో పన్నెండుసార్లు దారి తప్పితే బొబ్బిలి అమ్మాయి లెక్క వచ్చేస్తుంది. నూటికి రెండుసార్లు కూడా తప్పలేదు ఆ పిల్ల, నిజానికి బాగా అల్లినట్టే. జాలీ డిజైన్లలో కంతలు కావాలని పెట్టేది కూడా సరిగ్గా ఇలాగే. కాబట్టి ఆ చెయ్యి పూర్తిగా మరచిపోకండి, తరువాత పనికొస్తుంది.

అంచున, కంత లేకుండా పెరిగితే కారణం వేరు. తిప్పి కొత్త వరస మొదలెట్టేటప్పుడు మొదటి కుట్టు వదులుగా ఉందని పోగుని పైకి, సూది మీంచి వెనక్కి గట్టిగా లాగుతారు. దాంతో ఆ కుట్టు రెండు కాళ్ళూ సూది ఎక్కి రెండు కుట్లలా కనిపిస్తాయి. రెండూ అల్లేస్తారు. పోగు సూది కింద నుంచి వెనక్కి వెళ్ళాలి. వదులైతే అయింది, ఆఖర్న టోపీ పక్కలు కలిపి కుట్టేటప్పుడు ఆ అంచు ఎలాగూ లోపలికి పోతుంది.

మధ్యలో కంత లేకుండా పెరిగితే సూది మొన పోగుని చీల్చింది. పొందూరు ఖద్దరు నూలైతే ఒంటి పోగు, చీలడానికేం లేదు. మన ఊలు కొన్ని పోగుల మెలి. మొన వాటి మధ్యలో దూరితే ఒక కుట్టు రెండుగా చీలి కూర్చుంటుంది. సాయంత్రం లైటు వెలుగులో నల్ల ఊలు అల్లేవాళ్ళకి ఇది తప్పదు. మొదటి టోపీకి లేత రంగు ఊలు తీసుకోమన్నది అందుకే.

కంత పడ్డదాన్ని వెంటనే గమనిస్తే మందు చాలా తేలిక. తిరిగొచ్చే వరసలో ఆ వాలుగా ఉన్న చుట్టుని అల్లకుండా సూది నుంచి జారవిడవండి. ఏమీ ఊడిపోదు, కింద దానికి వేరే కుట్టే లేదు గదా. అంచు దగ్గర రెండు కాళ్ళూ ఎక్కినా అంతే, పోగుని సూది కిందకి లాగితే రెండూ ఒకటైపోతాయి.

"రెండు కలిపి అల్లేస్తే లెక్క సరిపోతుంది గదా?" అని చాలామంది అడిగారు. ఈ ఆలోచనంటే నాకు ఒళ్ళు మండుతుంది. లెక్క సరిపోతుంది. కంత అలాగే ఉంటుంది. పైగా కుట్టు పెరిగిన వరస నుంచి రెండు కలిపిన వరస దాకా నిట్ మీద పర్ల్, పర్ల్ మీద నిట్ పడి గీతలు పక్కకి జరిగిపోయి ఉంటాయి. గీతలు నిలువుగా ఉంటేనే పట్టీ సాగి మళ్ళీ ముడుచుకుంటుంది. జరిగిపోతే ఆ ముక్క చదునుగా పడుంటుంది, టోపీ చెవుల మీద నిలవదు. అలా లెక్క సరిపెట్టిన పట్టీలు ఫోటోల్లో నాలుగు చూశాను. నాలుగూ విప్పించాను.

అసలు గీతలు జరగడానికి కారణం, మీరు చూసి కాకుండా నోటితో లెక్కపెట్టి అల్లడం. "రెండు నిట్, రెండు పర్ల్" అని జపం చేస్తూ పోతే, మధ్యలో ఒక కుట్టు పెరిగిన క్షణం నుంచి జపం ఒక దారి, పట్టీ ఒక దారి. నోరు మూసుకుని ఎడమ సూది మీది కుట్టు మెడ చూడండి. మెడ కింద 'వి' ఆకారం ఉంటే నిట్ అల్లండి. అడ్డంగా గంటు ఉంటే పర్ల్ అల్లండి. వెనక వైపు తిప్పినా ఇదే నియమం, వేరే గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఇది వచ్చాక టీవీ చూస్తూ కూడా అల్లొచ్చు. ఆదివారం మా వసారాలో చేరే వాళ్ళలో ఎదురింటి వదిన అలాగే అల్లుతుంది, కబుర్లు ఆపకుండా. ఆవిడ మిలిటరీ క్వార్టర్సులో ఉన్నప్పుడు ఉత్తరాది వాళ్ళ దగ్గర నేర్చుకుంది, పోగు ఎడమచేత పడుతుంది. పట్టీ అల్లడంలో ఆవిడ నాకన్నా చాలా వేగం. అయినా నేను కుడిచేతి పద్ధతే చెప్తాను, నాకు వచ్చింది అదే.

వరసలు లెక్కపెట్టడానికి కౌంటర్లు కొనకండి. రెండు గిన్నెలు, చింతపిక్కలు. వరస అయితే ఒక పిక్క ఇటు నుంచి అటు.

ఇప్పుడు నెత్తి. పట్టీ అయ్యాక ఎదుటి వైపు నిట్, వెనక వైపు పర్ల్ అంటూ 22 వరసలు. మొత్తం 38 వరసలకి పదిన్నర సెంటీమీటర్లు రావాలి. చివరిది పర్ల్ వరస. ఇక్కడ ఆగి, వేరే రంగు ఎంబ్రాయిడరీ దారం సూదికి ఎక్కించి 106 కుట్లలోంచీ లాగి వదిలేయండి. నెత్తి చెడితే ఈ దారం దాకా ధైర్యంగా విప్పుకోవచ్చు.

తగ్గించే వరస: ఒక నిట్, తరువాత (11 నిట్, రెండు కలిపి ఒక నిట్) ఎనిమిదిసార్లు, చివర ఒక నిట్. 98 మిగులుతాయి. వెనక వరస అంతా పర్ల్. మళ్ళీ తగ్గించే వరసలో 11 బదులు 10, ఆపైన 9, అలా తగ్గుతూ పోవాలి. ఆఖరి తగ్గింపులో మధ్యలో నిట్ ఉండదు, ఎనిమిదిసార్లూ రెండేసి కలపడమే. 10 కుట్లు మిగులుతాయి. పోగు మూరన్నర వదిలి కత్తిరించి, మొద్దుమొన సూదికి ఎక్కించి ఆ పదింటిలోంచీ లాగి బిగించండి. మిగిలిన పోగుతోనే టోపీ పక్క అంచులు రెండూ కలిపి కుట్టేయండి.

చెయ్యి వదులున్న వాళ్ళకి ఒక మాట. ఈ 106 అన్నది 10 సెంటీమీటర్లకి 28 కుట్లు వచ్చేవాళ్ళకి, ఆరునెలల బిడ్డ తలకి. తల చుట్టుకొలత సుమారు 43 సెం.మీ., టోపీ 38. మూడో పాఠంలో మీ నమూనా ముక్కకి 24 వచ్చి ఉంటే 106తో టోపీ 44 అవుతుంది, బిడ్డ కళ్ళ మీదకి దిగిపోతుంది. మీరు 90 ఎక్కించండి, తగ్గించే వరస 9 నిట్‌తో మొదలెట్టండి. మిగతాదంతా ఒకటే.

సంక్రాంతి వస్తోంది గనక ఇది కూడా. షాపుల్లో మనం ఊలు అని కొనేది చాలావరకు యాక్రిలిక్, వేడికి కరుగుతుంది. ఆ టోపీ పెట్టి బిడ్డని భోగిమంట దగ్గరికి తీసుకెళ్ళకండి. ఇస్త్రీ పెట్టె కూడా తగలనివ్వకండి, అట్టలా అయిపోతుంది. మన చలికి నూలు టోపీ చాలదా అని రాజాం నుంచి ఒకరడిగారు. బ్రహ్మాండంగా చాలుతుంది. ఇప్పటికి దొరికిన బాగా పాత అల్లికల్లో ఈజిప్టు నూలు మేజోళ్ళున్నాయి, నీలం, తెలుపు రంగులవి. నాకైతే నూలే ఇష్టం. కాకపోతే నూలు తనంతట తను ముడుచుకోదు, అందుకని పట్టీ మటుకు 11 నంబరుతో అల్లి, పైభాగానికి 10కి మారండి.

సాధన. టోపీ కాదు, టోపీ ఎలాగూ అల్లుతారు. 30 కుట్లు ఎక్కించి పట్టీ 20 వరసలు అల్లండి. అందులో కావాలని అయిదు చోట్ల పోగుని సూది మీంచి తిప్పండి, ఎక్కడ తిప్పారో రాసుకోకండి. ముక్కని రెండు రోజులు పక్కన పెట్టి, తరువాత కంతల్ని చూసి అయిదూ ఎక్కడ పుట్టాయో, గీతలు ఎక్కడ జరిగాయో గుర్తుపట్టండి. ఆ తరువాత ఇంట్లో ఎవరి చేతనైనా ఒక కుట్టు సూది నుంచి జారవిడిపించి, ఆరు వరసలు కిందకి దిగనిచ్చి, క్రోషా సూదితో పైకి ఎక్కించండి. నిట్ గీతలో దిగితే ముందు నుంచి ఎక్కించాలి, పర్ల్ గీతలో దిగితే ముక్క తిప్పి వెనక నుంచి. మీకు బాగా కోపం వస్తుంది. ఎక్కించాకే ఫోటో పంపండి, ముందు పంపకండి.