మెస్ అన్నం గెత్తం కావాలంటే ముందు ఎండుటాకులు దాచండి

శ్రీకాకుళం పక్కన ఒక యూనివర్సిటీలో తోటపని చూసుకునే సూపర్‌వైజర్ని నేను. హాస్టల్ మెస్‌లో మిగిలిన అన్నం, కూరలతో గెత్తం, అంటే ఎరువు, చేయడం మా పనుల్లో ఒకటి. కొత్తగా మొదలుపెడతామని ఎవరు వచ్చినా నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే: ఎండుటాకులు ఎన్ని బస్తాలు దాచారు?

ఇంట్లో చెత్త అంటే కూరగాయల తొక్కలు ఎక్కువ. హాస్టల్లో అలా కాదు, ఉడికిన అన్నం, పప్పు, సాంబారు. వీటిలో నీరు ఎక్కువ, ముద్దకట్టేస్తాయి. గాలి ఆడక పులిసి కంపు కొడతాయి. ఆ కంపుకే వార్డెన్ వచ్చి పని ఆపించేస్తారు. ఎండుటాకులు ఆ నీటిని పీల్చుకుని, మధ్యలో గాలికి దారి ఇస్తాయి. ఎరువు మాగడానికి నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం 25 నుంచి 30 పాళ్లు ఉండాలి. ఆ కర్బనం కూడా ఆకుల నుంచే వస్తుంది.

అందుకే వేసవికి ముందు మామిడి, జీడి, బాదం ఆకులు రాలేటప్పుడు తగలబెట్టనివ్వకండి. బస్తాల్లో కట్టి, వాన తగలని చోట పెట్టండి. ఆకులు చాలకపోతే తరిగిన వరిగడ్డి వాడొచ్చు. మన జిల్లాలోని ఉద్దానం వైపు నుంచి కొబ్బరి పీచు పొట్టు దొరికితే ఇంకా మంచిది, తడిని బాగా పట్టుకుంటుంది. ఊక మాత్రం త్వరగా కుళ్లదు, దాన్నే నమ్ముకోవద్దు.

కుండీలు మూడు కట్టించండి: ఒకటి నింపడానికి, ఒకటి మాగడానికి, ఒకటి ఆరడానికి. ఒక్కోటి 4 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. మరీ చిన్నదైతే వేడి నిలవదు. ఇటుకల మధ్య సందులు వదిలి కట్టించి, లోపల సన్నటి జాలీ బిగించండి. ఎలుకలు వస్తే వాటి వెనకే పాములు వస్తాయి. పైన రేకు గట్టిగా బిగించాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను చూసిన జిల్లా మనది, ఆ నెలలో గాలిని తేలిగ్గా తీసుకోకూడదు.

జాగా కోసం ఆఫీసులో అడగడానికి మొహమాటపడకండి. పెద్ద విద్యాసంస్థలు తడి చెత్తను వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువుగా మార్చాలని 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు.

ఇక రోజువారీ పని. ప్లేట్లు కడిగేచోట రెండు డబ్బాలు పెట్టండి: ఒకటి మిగిలిన అన్నం, కూరలకు, ఒకటి మిగతా చెత్తకు. అక్కడుండే అక్కలతో మీరే స్వయంగా మాట్లాడండి, నోటీసు అంటిస్తే సరిపోదు. "అక్కా, సాంబారు వంపేసి, గట్టిది మాత్రమే ఇందులో వెయ్యండి, పెరుగు కవర్లు, టీ కప్పులు రానివ్వకండి" అని చెబితే వాళ్లు ఎంతో శ్రద్ధగా చేస్తారు. ఈ పని నిలబడేది వాళ్ల చేతుల మీదే. ఆదివారం చికెన్ ఎముకలు వద్దు, కుక్కలు కుండీని వదలవు. ఊరగాయ, మాడిన నూనె కూడా వద్దు.

కుండీ అడుగున జానెడు మందాన పుల్లలు పరవండి. ఒక బకెట్ అన్నానికి రెండు బకెట్ల ఎండుటాకులు కలిపి వేసి, పైన మళ్లీ ఆకులు కప్పండి. అన్నం పైకి కనిపించకూడదు. మొదటిసారి కాస్త పేడనీళ్లు చల్లండి. గుప్పెడు తీసి పిండితే వేళ్ల సందున ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఇంకా ఆకులు వెయ్యండి.

కుండీ నిండాక కొన్ని రోజుల్లో లోపల 55 నుంచి 65 డిగ్రీల వేడి పుట్టాలి. ఇనప చువ్వ పావుగంట గుచ్చి తీస్తే పట్టుకోలేనంత కాలాలి. వారానికోసారి బయటిది లోపలికి వచ్చేలా తిరగెయ్యండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి చాలలేదు, వెంటనే తిరగెయ్యాలి. ముక్కు మండించే ఘాటు వస్తే ఆకులు తక్కువయ్యాయి. తెల్లటి లావు పురుగులు కనిపిస్తే భయం లేదు, అవీ మన పనే చేస్తున్నాయి. కానీ మరీ ఎక్కువైతే తడి పెరిగిందని అర్థం.

రెండు నెలల తర్వాత వేడి తగ్గి, మట్టి వాసన వస్తుంది. అప్పుడు మూడో కుండీలోకి మార్చి ఇంకో నెల ఆరనివ్వండి. జల్లించి, ఒక గిన్నెలో మట్టితో కలిపి మెంతులు చల్లి చూడండి. సరిగ్గా మొలిస్తేనే మొక్కలకు వాడండి. మెస్ కూరల్లో ఉప్పు ఉంటుంది కాబట్టి ఉత్త గెత్తంలో నారు పెంచకండి, మూడు పాళ్ల మట్టికి ఒక పాలు చాలు. జల్లెడ మీద మిగిలిన గట్టి ముక్కల్ని మళ్లీ మొదటి కుండీలో వెయ్యండి.