ఒక్క మాటకి డిలే పెడితే ముందు మాట మోగుతోందా?

పాట మిక్స్ చేసేటప్పుడు వోకల్ అంతా డ్రైగా, అంటే ఏ ఎఫెక్టూ లేకుండా ఉంచి, లైను చివర ఒక్క మాటకి మాత్రం డిలే (మాటని ఎకోలా తిరిగి వినిపించే ఎఫెక్ట్) వదలాలి. పని ఇంతే. సెండ్ (గొంతు కాపీని వేరే ట్రాక్‌కి పంపే నాబ్) పెట్టడం, ఆ కాపీ వెళ్లే రిటర్న్ ట్రాక్‌లో డిలే వెయ్యడం, ఆటోమేషన్ (నాబ్ ఎక్కడ ఎంత కదలాలో చెప్పే గీత) గీయడం మీకు వచ్చనే అనుకుంటున్నా. తేడా వస్తే నాబ్‌లు తిప్పేముందు దయచేసి రెండు చూడండి: రిటర్న్‌లో డిలే మిక్స్ 100 శాతం వెట్‌లో (అసలు గొంతు లేకుండా ఎకో ఒక్కటే) ఉందా, ప్రాజెక్టు టెంపో పాట టెంపో ఒకటేనా. నా దగ్గరికొచ్చే ఫైళ్లలో ఈ రెండూ చూడకుండా మూడు ప్లగిన్లు మార్చి విసిగిపోయాక పంపినవే ఎక్కువ.

మాట దగ్గరికి రాగానే గొంతు పెద్దదవుతోంది

మిక్స్ 100లో లేదు. డిలేతో పాటు డ్రై గొంతు కూడా రిటర్న్ నుంచి రెండోసారి వస్తోంది. 100 చెయ్యండి, అయిపోతుంది.

ఎకో తాళానికి పడట్లేదు

ఇది రెడీమేడ్ ట్రాక్ మీద పాడేవాళ్ల సమస్య. పాట 92 బీపీఎం (నిమిషానికి బీట్లు), ప్రాజెక్టు మాత్రం తెరిచినప్పుడున్న 120లోనే ఉండిపోయింది. డిలేలో సింక్ నొక్కితే అది ప్రాజెక్టుతో సింక్ అవుతుంది, మీ పాట సంగతి దానికేం తెలుసు? 120లో క్వార్టర్ నోట్ 500 మిల్లీసెకన్లు, 92లో 652. టెంపో సరిచెయ్యండి, కానీ దానితో పాటు ఆడియో క్లిప్పులు సాగకుండా ముందే లాక్ చేసుకోండి. క్లిక్ (మెట్రోనోమ్) లేకుండా వాయించిన పాటైతే సింక్ తీసేసి, అక్కడి లయకి ట్యాప్ చేసి మిల్లీసెకన్లలో పెట్టుకోవడమే.

నేను తెరిచింది ఒక మాటకి, మోగుతున్నది ముందు మాట

అసలు దొంగ ఇది. లైను ‘వెళ్ళిపోకే, ఇంకాస్త ఆగవే’ అనుకోండి. మీకు ‘ఆగవే’ ఒక్కటే మోగాలి. కానీ ‘ఆగవే’ పాడుతుండగా వెనకాల ‘పోకే... పోకే’ అని సన్నగా వినిపిస్తోంది. ఆటోమేషన్ చూస్తే సరిగ్గా ‘ఆ’ దగ్గరే తెరుచుకుంటోంది, అరక్షణం కూడా ముందు లేదు.

గీత సరైన చోటే ఉంది, గీసిన నాబ్ తప్పు. మీరు రిటర్న్ మ్యూట్‌నో, రిటర్న్ ఫేడర్‌నో (వాల్యూమ్ స్లైడర్), వోకల్ ట్రాక్ మీదే డిలే వేసుంటే దాని మిక్స్ నాబ్‌నో ఆటోమేట్ చేశారు. అంటే డిలేలోకి గొంతు పాట పొడవునా వెళ్తూనే ఉంది, బయటికి రాకుండా మూత పెట్టారంతే. మూత తీయగానే అప్పటిదాకా లోపల తిరుగుతున్నదంతా బయటపడుతుంది. 90 బీపీఎంలో క్వార్టర్ నోట్ డిలే, ఫీడ్‌బ్యాక్ (ఎకోలో ఎంత మళ్లీ డిలేలోకి వెళ్లాలో చెప్పేది) 40 శాతం అనుకుంటే ఎకో ఎకోకీ తగ్గేది సుమారు 8 డీబీ. రెండు సెకన్ల కిందట పాడిన మాట మూడో ఎకోగా ఇంకా లోపలే ఉంటుంది, మొదటి ఎకో కన్నా 16 డీబీ తక్కువ, అంతే. వాయిద్యాలు ఆగిన చోట అది బాగానే వినిపిస్తుంది.

మనం దీన్ని పట్టుకోలేకపోవడానికి కారణం మన అలవాటే. ఆ మాటకి ముందు కర్సర్ పెట్టి అక్కడక్కడే వింటాం. ప్లే నొక్కినప్పుడు డిలే చాలాసార్లు ఖాళీగా ఉంటుంది కాబట్టి శుభ్రంగా వినిపిస్తుంది. ఒకసారి ఫైనల్ పంపేశాక గాయకుడు ఫోన్ చేసి, ‘అన్నా, రెండో చరణంలో నా వెనకాల ఎవరో గొణుగుతున్నారు’ అన్నాడు. ఆ ముక్క అయిదుసార్లు విన్నాను, ఏమీ లేదు. హెడ్‌ఫోన్స్ మార్చి చూడమ్మా అని సలహా కూడా ఇచ్చాను! తర్వాత చరణం మొదటి నుంచి ఆపకుండా వింటే గొణుగుడు స్పష్టంగా ఉంది.

దీని రెండో చివర కూడా చూడండి: మాట అయిపోగానే మ్యూట్ పడితే ఎకో తోక టక్కున తెగుతుంది. అది చూసి ఫీడ్‌బ్యాక్ పెంచుతారు, దాంతో లోపల తిరిగే చెత్త ఇంకా పెరుగుతుంది. బైపాస్‌ని (ప్లగిన్‌ని ఆపే బటన్) ఆటోమేట్ చేసినా అంతే, కొన్ని ప్లగిన్లు పాత ఎకోని దాచుకుని మళ్లీ ఆన్ చెయ్యగానే కక్కుతాయి.

రిటర్న్ ఎప్పుడూ తెరిచే ఉంచండి. ఆటోమేషన్ సెండ్ మీద గీయండి, మొత్తం కింద ఉండి ఆ మాటకి మాత్రం లేచి దిగిపోవాలి. లోపలికి వెళ్లింది ఒక్క మాటే అయితే మోగేదీ ఆ ఒక్కటే, తోక దానంతటది చల్లారుతుంది. సెండ్ గొడవ వద్దనుకుంటే ఆ మాటని కాపీ చేసి వేరే ట్రాక్‌లో పెట్టి, దాని మీద మాత్రమే డిలే వెయ్యొచ్చు. కాకపోతే తర్వాత అసలు ట్రాక్‌లో పిచ్ సరిచేసి కాపీని మర్చిపోతే ఎకో పాత శ్రుతిలోనే పాడుతుంది, అదో నవ్వులాట. ఏ పద్ధతిలో చేసినా పాట మొదటి నుంచి, రిటర్న్ ఒక్కటే వినపడేలా పెట్టి ఒకసారి వినండి.

తర్వాతి మాట మొదటి అక్షరం కూడా మోగుతోంది

సెండ్ గీత ఏటవాలుగా దిగుతోంది. నిటారుగా దింపండి, టిక్ మనకుండా 10 మిల్లీసెకన్ల వాలు చాలు. మన మాటలు ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి కదా, సాగదీసి పాడితే ఆ అచ్చు తర్వాతి హల్లులోకి జారిపోతుంది, వేవ్‌ఫామ్‌లో సందు కనపడదు. హల్లు ఇంకా రాకముందే, అచ్చు సాగుతుండగానే మూసెయ్యండి. ఎకోలో ఆ అచ్చు కాస్త పొట్టిదైనా ఎవరూ పట్టించుకోరు. తెరిచేటప్పుడు మాత్రం ఊపిరి దాటాకే తెరవండి. ‘స’, ‘ష’ మరీ గుచ్చుకుంటుంటే రిటర్న్‌లో 5 కిలోహెర్ట్జ్ పైన కోసెయ్యండి.

మిగతావి అరుదు. ఎకోనే రావట్లేదంటే ఆటోమేషన్ రీడ్‌లో (గీసిన గీతని పాటించే మోడ్) లేదు. గొంతు తగ్గించినా ఎకో తగ్గట్లేదంటే సెండ్ ప్రీ ఫేడర్‌లో (ఫేడర్ కన్నా ముందే గొంతు పంపేలా) ఉంది, పోస్ట్ ఫేడర్‌కి మార్చండి. ఇక ప్లగిన్ పాడైందేమో అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు, పాడైన డిలే ప్లగిన్ నాకైతే ఇప్పటిదాకా ఒక్కటీ తగల్లేదు.