ఎకాలజీ పిరమిడ్లలో తికమక పడకుండా

ఎకాలజీలో ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది పిరమిడ్ల దగ్గరే (అడుగున మొక్కలు, పై మెట్టులో వాటిని తినేవి, ఆపైన వీటిని తినేవి అని గీసే బొమ్మలు), నంబర్ (ఎన్ని ఉన్నాయి), బయోమాస్ (మొత్తం బరువు), ఎనర్జీ (శక్తి) మూడూ కలిపి బట్టీ పట్టేస్తారు, తీరా పరీక్షలో ఏది తలకిందులవుతుందో గుర్తురాదు. బట్టీ మానేసి ఒక్క చెట్టుని ఊహించుకోండి. చెట్టు ఒకటే, ఆకులు తినే పురుగులు వేలల్లో, వాటిని తినే పిట్టలు పదో పాతికో. లెక్కపెడితే అడుగున ఉన్నది ఒకటే కదా, అందుకే నంబర్ పిరమిడ్ ఆకారం చెడుతుంది, అదే తూకం వేస్తే చెట్టే బరువు కాబట్టి బయోమాస్ పిరమిడ్ నిటారుగానే ఉంటుంది.

సముద్రంలో బయోమాస్ కూడా తిరగబడొచ్చు. ఫైటోప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మ మొక్కల్లాంటివి) రోజుల్లోనే పుట్టి పెరిగి, నీటిలో తేలే చిన్న జంతువులైన జూప్లాంక్టన్‌కి మేతైపోతుంది, అందుకే ఏ క్షణాన తూచినా తినేవాటికంటే తక్కువ తూగొచ్చు (జేబులో ఉన్నది తక్కువే, చేతులు మారేది మాత్రం బోలెడు అన్నమాట).

ఎనర్జీ పిరమిడ్ మాత్రం తిరగబడే ఛాన్సే లేదు, ఎందుకంటే ప్రతి మెట్టు దగ్గరా శ్వాసక్రియలో చాలా భాగం వేడిగా పోతుంది. ఎకాలజిస్ట్ లిండెమన్ 1942 నాటి పేపర్‌తో ముడిపడ్డ 10 శాతం రూల్ (ఒక మెట్టు నుంచి పై మెట్టుకి దాదాపు 10 శాతం ఎనర్జీయే చేరుతుంది) ఇక్కడిదే: గడ్డిలో 10,000 జూల్స్ ఉంటే మిడతకి 1,000, కప్పకి 100, పాముకి 10. ఇంకోటి, ఎండ నుంచి గడ్డికి కూడా 10 శాతం వేసేయకండి, అక్కడ మామూలుగా 1 శాతం దగ్గరే వేస్తారు.