పాత హార్డ్ డిస్క్‌ను వదిలించుకునే ముందు

గుంటూరులో పదిహేనేళ్లుగా ఆదాయపు పన్ను రిటర్నులు వేస్తున్నాను. నా కంప్యూటర్ నిండా నన్ను నమ్మినవాళ్ల పాన్, ఆధార్ నకళ్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లే. రెండేళ్ల కిందట ఒక పాత సామాన్ల దుకాణంలో 500 జీబీ డిస్క్ కొన్నాను. తెరిస్తే ఖాళీ. అనుమానం తీరక ఫోటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపితే, ఎవరింట్లోదో సీమంతం ఫోటోలు వరుసగా బయటికొచ్చాయి. మోచేతుల దాకా గాజులతో ఒక అమ్మాయి నవ్వుతోంది. ఆ వెంటనే ఆమె స్కానింగ్ రిపోర్టులు. వెంటనే ఆపేశాను. ఆ రాత్రి నా పాత డిస్కులు ఎవరి చేతుల్లో ఉన్నాయోనని నిద్ర పట్టలేదు.

డిలీట్ చేసినా, క్విక్ ఫార్మాట్ చేసినా లెడ్జరు ముందుండే ఖాతాల పట్టికను చింపినట్టే. లోపలి పద్దులన్నీ అలాగే ఉంటాయి. వాటి మీద మళ్లీ రాస్తేనే పోతాయి.

ముందు కావలసినవి వేరే డిస్క్‌లోకి కాపీ చేసి, నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. తర్వాత పాత డిస్క్‌ను విప్పి, సాటా-యూఎస్‌బీ కేబుల్‌తో మరో విండోస్ కంప్యూటర్‌కు తగిలించండి. మిగతా పెన్‌డ్రైవ్‌లు, బయటి డిస్కులు అన్నీ పీకేయండి. కమాండ్ ప్రాంప్ట్‌ను (ఆదేశాలు టైపు చేసే విండోను) అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ‘డిస్క్‌పార్ట్’, ఆ తర్వాత ‘లిస్ట్ డిస్క్’ అని ఇంగ్లీషులో టైపు చేయండి.

ఇక్కడ తొందర వద్దు. పరిమాణాన్ని బట్టి డిస్క్‌ను గుర్తుపట్టాలి. 500 జీబీది 465 అని కనిపిస్తుంది. దాని నంబరు 1 అయితే ‘సెలెక్ట్ డిస్క్ 1’ కొట్టి, మళ్లీ ‘లిస్ట్ డిస్క్’ అడగండి. ఎంచుకున్న వరస పక్కన నక్షత్రం గుర్తు (*) పడుతుంది. అది సరైనదేనని ఇంకొకరికి కూడా చూపించండి, ఎందుకంటే తర్వాతి ఆదేశం ‘నిజంగానా?’ అని అడగదు. అది ‘క్లీన్ ఆల్’, డిస్క్ అంతటా మళ్లీ రాసేది అదే. ‘ఆల్’ మరిచిపోతే పట్టిక మాత్రమే పోతుంది.

శాతాలేమీ కనిపించవు, కర్సర్ మినుకుమంటూ ఉంటుంది. నా డిస్క్‌కు రెండు గంటలు పట్టింది. కంప్యూటర్ నిద్రలోకి జారకుండా సెట్టింగ్ మార్చుకోండి. 35 సార్లు చెరపాలన్న మాట 1996 నాటి పీటర్ గుట్‌మన్ పరిశోధనా పత్రంతో వ్యాపించింది; నేటి డిస్కులకు ఒక్కసారి చాలు. చివర మళ్లీ ఫోటోరెక్ నడపండి. ఒక్క ఫైలూ దొరకకూడదు.

తిరిగే పళ్లేలు లేకుండా చిప్‌ల మీద రాసుకునే డిస్క్ అయిన ఎస్‌ఎస్‌డీకి ఈ పద్ధతి నమ్మదగింది కాదు. అది రాతలను తనకు నచ్చిన చోటికి మళ్లిస్తూ, మనకు అందని అదనపు చోటు కొంత దాచుకుంటుంది. దానికి తయారీదారు ఇచ్చే ప్రోగ్రామ్‌లోనో, బయోస్‌లోనో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరుచుకునే సెట్టింగుల్లోనో) ఉండే ‘సెక్యూర్ ఎరేజ్’ అనే చెరిపే సదుపాయం వాడండి.

పాడైపోయి అసలు తిరగని హార్డ్ డిస్క్ అయితే నక్షత్రం ఆకారపు మొన ఉండే టీ8 స్క్రూడ్రైవర్‌తో మూత విప్పండి. ఒక మర తరచూ స్టిక్కర్ కింద దాగి ఉంటుంది. లోపలి పళ్లేలకు డ్రిల్లుతో మూడు నాలుగు రంధ్రాలు పెట్టాలి. ల్యాప్‌టాప్ డిస్కుల్లో పళ్లేలు చాలావరకు గాజువి, పగిలి చిమ్ముతాయి. కళ్లకు రక్షణనిచ్చే అద్దాలు పెట్టుకోకుండా ముట్టుకోవద్దు. ఇంట్లో ఉండే అయస్కాంతం వల్ల ప్రయోజనం లేదు.

ఇంత చేశాక కూడా నేను డిస్క్‌ను వీధిలో ఇవ్వను. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దగ్గర నమోదైన రీసైక్లర్‌కే ఇచ్చి, రసీదు మీద సీరియల్ నంబరు రాయించుకుంటాను.