మాగ్నమ్ రైఫిల్ పాఠాలు – 4: బ్యారెల్ ఎంత పొడుగుండాలి?

పోయిన పాఠంలో తూటా సంగతి తేల్చేశాం, .300 విన్‌చెస్టర్ మాగ్నమ్ అని. 1963లో వచ్చింది, ఇక్కడ కొలరాడోలో ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకెళ్లేవాళ్లకి బాగా అలవాటైన తూటా, కాబట్టి దొరకదన్న బెంగ లేదు. ఇవాళ బ్యారెల్, అంటే బుల్లెట్ పరిగెత్తే గొట్టం. షాపులో "24 అంగుళాలా, 26 ఆ?" అని అడుగుతారు, మనం తెల్లమొహం వేస్తాం. నేనూ వేశాను, పొడుగైతే వేగం ఎక్కువ కదా అని 26 కొనుక్కొచ్చి రెండు సీజన్లు అవస్థపడ్డాను.

ముందు పొడుగు ఎక్కణ్ణించి ఎక్కడికో చూద్దాం. రైఫిల్ ఖాళీగా ఉందని కళ్లతో చూసి, ఛాంబర్‌లో (తూటా కూర్చునే చోట) వేలు పెట్టి తడిమి, అప్పుడు బోల్ట్ (ఆ చోటుని వెనకనుంచి మూసే కడ్డీ) మూసి మూతిలోంచి, అంటే బ్యారెల్ ముందు కొసలోంచి, క్లీనింగ్ రాడ్ దింపండి. బోల్ట్‌కి తగిలి ఆగుతుంది. మూతి దగ్గర రాడ్ మీద టేపు ముక్క అంటించి, బయటికి లాగి కొలవండి, అదీ లెక్క. అంటే తూటా కూర్చునే చోటు కూడా ఇందులోనే కలిసింది. 24 అంగుళాల బ్యారెల్‌లో బుల్లెట్ నిజంగా పరిగెత్తేది 21, 22 అంగుళాలే. మర తిప్పితే ఊడొచ్చే మజిల్ బ్రేక్ (తన్ను తగ్గించడానికి మూతికి బిగించే ముక్క) లెక్కలోకి రాదు.

మాగ్నమ్‌కి ఈ గొడవంతా ఎందుకంటే తూటాలో తుపాకీ మందు ఎక్కువ. మామూలు వేట తూటా .30-06లో 55, 60 గ్రెయిన్లు (తూటా బరువులకి వాడే చిన్న కొలత) పట్టే చోట ఇందులో 70 నుంచి 80 దాకా పడుతుంది, అదీ నెమ్మదిగా కాలే రకం. పొట్టి బ్యారెల్‌లో సగం మందు కాలకుండానే బయటపడుతుందని అంటుంటారు గానీ అంత లేదు, చాలావరకు లోపలే కాలిపోతుంది. కాలగా పుట్టిన గ్యాస్‌కి ఇంకా తోసే బలం ఉండగానే మూతి వచ్చేస్తుంది, ఆ మిగిలిన బలమే మంటగా, చెవులు చిల్లులుపడే మోతగా బయటికొస్తుంది.

వేగం ఎంత పోతుంది? తగ్గిన ప్రతి అంగుళానికి సెకనుకి సుమారు 20 నుంచి 30 అడుగులు. 180 గ్రెయిన్ల బుల్లెట్‌కి తూటా పెట్టె మీద సెకనుకి 2960 అడుగులని ఉంటుంది, అది 24 అంగుళాల బ్యారెల్ మాట. 22కి దిగితే 2910 అనుకోండి. 200 గజాలకి గురి సరిచేసుకున్న రైఫిల్‌తో 300 గజాల దగ్గర దీనివల్ల బుల్లెట్ కిందికి దిగడంలో వచ్చే తేడా అంగుళం కూడా ఉండదు, ఎల్క్‌కి గుండె, ఊపిరితిత్తుల చోటేమో విస్తరాకంత. ఈ 50 అడుగుల కోసం నేను మోసిన బరువు తలుచుకుంటే నవ్వొస్తుంది.

26 అంగుళాల బ్యారెల్‌తో రైఫిల్ మొత్తం 46 అంగుళాలు దాటుతుంది. భుజానికి తగిలిస్తే మూతి తలకంటే పైకి లేస్తుంది, పైన్ చెట్ల కింద వంగిన ప్రతిసారీ కొమ్మకి కొట్టుకుని, కొమ్మ మీద మంచు సగం నా కాలర్‌లోకి, సగం మూతి మీదకి. (బ్యారెల్‌లో మంచు ఇరుక్కున్నప్పుడు కాల్చడం ప్రమాదం, మూతికి ఎలక్ట్రికల్ టేపు అంటించుకోండి.) దీనికి ఏడంగుళాల సప్రెసర్ (మోత తగ్గించే గొట్టం) బిగిస్తే ఇక చెప్పక్కర్లేదు.

కాబట్టి ఏం తోచకపోతే 24 తీసుకోండి. వయోమింగ్‌లో చెట్టన్నదే లేని మైదానాల్లో ప్రాంగ్‌హార్న్ (జింకలాంటి జంతువు) కోసమైతే 26 ఉన్నా ఇబ్బంది లేదు. అడవి దట్టం, పైగా సప్రెసర్ పెడతానంటే 22, మరీ అయితే 20. పొట్టిదైతే గురి పోతుందన్నది అపోహ, నిజానికి అదే లావు బ్యారెల్ పొట్టిదైతే ఇంకా గట్టిగా నిలబడుతుంది. కొలరాడోలో చట్టం 16 అంగుళాల దాకా ఒప్పుకుంటుంది గానీ మాగ్నమ్‌లో 20 కంటే కిందికి నేను దిగను, నా చెవులు నాక్కావాలి.

హెచ్1బి మీద ఉన్నవాళ్లకో మాట: ఫెడరల్ చట్టం ప్రకారం మీ దగ్గర తుపాకీ ఉండకూడదు, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. కొనేముందు లాయర్‌ని కలవండి. ఇది చూసి ఊళ్లో బావగారితో అడవికెళ్తానని మాత్రం అనకండి, ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం ఉంది.

హోంవర్క్: ఒక పీవీసీ పైపు 46 అంగుళాలకి కోసి తాడు కట్టి భుజాన వేసుకోండి. వీపున బ్యాగుతో గంటసేపు చెట్లలో నడిచి, పైపు ఎన్నిసార్లు తగిలిందో రాసుకోండి. తర్వాత అదే పైపు 42కి కోసి మళ్లీ అదే దారిలో నడవండి. ఆ కాగితం పారేయకండి, వచ్చే పాఠంలో రైఫిల్ బరువు, భుజానికి తగిలే తన్ను చూసేటప్పుడు దానితో పనుంది.