పాత బెంజ్ కూపేకు వైడ్‌బాడీ అమర్చే ముందు జాగ్రత్తలు

అనంతపురంలో ఎండలు ముదిరేలోపు షెడ్డు పని ముగించాలని వైడ్‌బాడీ (చక్రాల పైభాగాలను వెడల్పు చేసే బాడీ భాగాలు) కోసం బెంజ్ 560 ఎస్‌ఈసీ వంటి కూపేను, అంటే రెండు తలుపుల కారును, సిద్ధం చేసుకున్నవారు, గ్రైండర్ పట్టకముందే ఈ కింది విషయాలు సరిచూసుకోవాలి.

• కొత్త చక్రాలు, టైర్లు చేతికి రాకముందు వెనుక చక్రాల పైరేకును కోయకూడదు. బండిని పూర్తిగా కిందికి దించి కొలిచాకే గీత గీయాలి. అక్కడ బయటి రేకు, లోపలి రేకు అంచున కలిసి ఉంటాయి కనుక, కోసిన తరువాత ఆ రెండింటినీ మళ్లీ వెల్డింగుతో మూసివేయకపోతే నీరు చేరి తుప్పు పడుతుంది, బాడీ బిగువూ తగ్గుతుంది. పైన ఫైబర్ ఫ్లేర్ (చక్రం పైన బయటికి పొడుచుకొచ్చే అంచు) అంటించేస్తే ఆ లోపం ఏళ్ల తరబడి కంటికి కనబడదు.

• రవాణా శాఖ కార్యాలయంలో ముందుగా విచారించాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశాలకు భిన్నమైన మార్పులను అడ్డుకుంటుంది. 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. బీమా సంస్థకూ లిఖితపూర్వకంగా తెలపాలి.

• వెల్డింగుకు ముందు బ్యాటరీ తీగలు విప్పాలి. లేకపోతే ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) కంట్రోల్ యూనిట్ దెబ్బతినవచ్చు.

• చక్రాన్ని బయటికి జరిపేందుకు హబ్‌కు, చక్రానికి మధ్య పెట్టే స్పేసర్ బిళ్ల ఎంత మందమో బోల్టు అంత అదనపు పొడవు ఉండాలి. పాత బోల్టులతో మర పట్టు చాలదు.

• ఫైబర్ పనికి వాడే రెజిన్‌ను (గట్టిపడే జిగురు ద్రవాన్ని) తెల్లవారుజామునే కలపాలి. ఎండలో అది పూయకముందే గట్టిపడుతుంది.

• ఇంజిన్ ట్యూనింగ్ కంటే ముందు రేడియేటర్, ఫ్యాన్ క్లచ్ (వేడిని బట్టి ఫ్యాన్ వేగాన్ని మార్చే భాగం) చూడాలి. 560 ఎస్‌ఈసీలోని 5.5 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్‌కు మన మే నెలలో కావలసింది అదనపు శక్తి కాదు, చల్లదనం.